అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు ఎలా వేస్తాను: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మా డాబా మీద ఒక రేకుల గది ఉంది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. పద్నాలుగేళ్లుగా అందులోనే బొమ్మలు వేస్తున్నాను. చూడడానికి వచ్చినవాళ్లు, చుట్టాలు, నేర్చుకుంటామని ఫోన్ చేసే పిల్లలు అడిగేవి అటూ ఇటూగా ఇవే ప్రశ్నలు. నిలబడి హడావిడిగా ఏదో చెప్పేసి, వాళ్లు మెట్లు దిగాక "అసలు సంగతి చెప్పనే లేదే" అనుకోవడం చాలాసార్లు జరిగింది. అందుకే ఈసారి తీరిగ్గా రాస్తున్నాను.

ఇంతకీ ఇది ఏం బొమ్మ అన్నా?

ఏ వస్తువు బొమ్మా కాదు. ఇందులో చెట్టు, మనిషి, కొండ దాచిపెట్టి మిమ్మల్ని వెతకమనడం లేదు. ఒకాయనకు గుర్రం కనబడింది, ఇంకొకామెకు చెరువు కట్ట కనబడింది. కనబడితే మంచిదే, కానీ అది దొరికింది కదా అని చూడటం ఆపేయకండి.

నేను అందరికీ చీరల సంగతే గుర్తు చేస్తాను. బట్టల కొట్లో మా అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని, అంచు మడిచి, పమిట మీద పెట్టి చూసి, "ఒళ్లు బాగుంది గానీ ఈ అంచు దీనికి నప్పలేదు, బరువైపోయింది" అంటుంది. ఇది ఏం బొమ్మ అని ఏ రోజూ అడగలేదు. ఏ రంగు పక్కన ఏ రంగు కూర్చుంటే ఊపిరాడుతుందో, ఏది ఏ రంగును మింగేస్తుందో ఆమెకు తెలుసు. మన ఇళ్లల్లో ఆడవాళ్లకు ఈ చూపు పుట్టుకతో వచ్చినంత సహజంగా ఉంటుంది. అదే చూపుతో నా బొమ్మ ముందు నిలబడితే చాలు, వేరే చదువేమీ అక్కర్లేదు.

ఇంతకు ముందు ఏం చేసేవారు?

బోర్డులు రాసేవాడిని. కిరాణా కొట్లు, ట్రాక్టర్ మెకానిక్ షెడ్లు, బస్టాండు పక్కన మందుల షాపులు, ఎరువుల కంపెనీల గోడ రాతలు. ఫ్లెక్సీలు వచ్చాక రెండు మూడేళ్లలో ఆ పని పూర్తిగా పోయింది. ఆ తర్వాత మా బావతో కలిసి ఇళ్లకు రంగులేసే పనికి వెళ్లాను. పాత గోడలు గీకడం, లప్పం పెట్టడం, ఎమిరీ పేపర్‌తో రుద్దడం, రెండు కోట్లు కొట్టడం. నా బొమ్మలు ఈ గీకుడులోనే మొదలయ్యాయి.

బొమ్మ మొదలుపెట్టే ముందు మనసులో ఏదైనా ఉంటుందా?

ఉంటుంది, కానీ బొమ్మగా ఉండదు. ఇది కొంచెం విడమరిచి చెప్పాలి.

చండూరు వైపు మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా నాయనమ్మ ఇల్లు ముందు భాగం కూల్చేశారు. నేను వెళ్లేసరికి గోడ సగానికి తెగి నిలబడి ఉంది. తెగిన చోట వేలుతో గీరితే అరచేయంత పెచ్చు ఊడి వచ్చింది. దాన్ని పక్కకు తిప్పి అంచు చూశాను. అన్నిటికంటే అడుగున మట్టి. దాని మీద సున్నం, ఒకటి కాదు, ఉల్లిపొర మందాన ఎన్నో పొరలు, ఏటా పండక్కి ఒకటి చొప్పున వేసినవి. మధ్యలో ఒక ఎర్రటి గీత, అది జాజు. మళ్లీ సున్నం. ఆ పైన లేత నీలం, సున్నంలో బట్టలకు పెట్టే నీలి కలిపి కొట్టింది. పైన ఆకుపచ్చ డిస్టెంపర్, మా అక్క పెళ్లప్పుడు వేసింది. ఆ పచ్చ ఒకచోట పగిలి, ఆ పగులులోంచి నీలం కనబడుతోంది. పచ్చ పక్కనున్న నీలానికీ, పచ్చ పగిలితే కనబడే నీలానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా పట్టుకోవాలనే ఇన్నేళ్లుగా వేస్తున్నాను.

ఆ పెచ్చు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అగ్గిపెట్టెలో దూది మీద పెట్టుకున్నాను. అక్క పెళ్లి బొమ్మ గీయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆ పచ్చ ఎంత మందాన ఉంటే నీలం అంతగా వెలుగుతుందో, అది నాకు కావాలి. మొదలుపెట్టే ముందు మనసులో ఉండేది ఇలాంటిదే, ఒక పొర, ఒక అంచు, ఒక బరువు.

ఒక బొమ్మ మొదటి నుంచి చివరి దాకా ఎలా నడుస్తుంది?

మొన్న మొన్ననే పూర్తయిన ఒకదాని సంగతి చెబుతాను. మూడడుగులు, నాలుగడుగులు. నూలు కాన్వాస్. చెక్క ఫ్రేమ్‌కు బిగించి జెస్సో, అంటే రంగుకు ముందు అడుగున వేసే తెల్లటి పూత, మూడు కోట్లు కొట్టి, కోటుకు కోటుకు మధ్య ఆరనిచ్చి మెత్తటి ఎమిరీ పేపర్‌తో రుద్దాను. ఇది గోడ పని చేసినవాడి అలవాటు, అడుగు సరిగా లేకపోతే పైన ఎంత చేసినా నిలవదు.

తెల్ల కాన్వాస్ ముందు కూర్చుని ఆలోచించడం నాకు చేతకాదు. అందుకని మొదటి రోజే మొత్తం బర్న్ట్ సియెన్నాతో కప్పేశాను, మా ఎర్ర చెలక వాన పడ్డాక ఎలా ఉంటుందో దాదాపు అదే రంగు. రెండో రోజు దాని మీద పల్చటి బూడిద రంగు, చేతి గుడ్డతో. తడి ఉండగానే లప్పం పెట్టే ఇనుప రేకుతో ఎడమ వైపు గీకాను. రేకు వెళ్లిన చోట ఎరుపు బయటకు వచ్చింది, రేకు ఆగిన చోట బూడిద రంగు గట్టులా పోగైంది. ఆ గట్టు నాకు నచ్చింది. కానీ నచ్చినదాన్ని కాపాడుకోవాలని చూసే కొద్దీ మిగతా బొమ్మంతా దానికి కాపలా కాస్తున్నట్టు తయారవుతుంది. వారం రోజులు అదే జరిగింది. కుడివైపు ఏం వేసినా ఆ గట్టు ముందు తేలిపోయింది.

ఎనిమిదో రోజు పొద్దున ఆ గట్టును తెల్లరంగుతో కప్పేశాను. చాలా బాధేసింది, ఆ రోజంతా మళ్లీ గదిలోకి వెళ్లలేదు. మర్నాడు చూస్తే తెలుపు కింద గట్టు ఆకారం మాత్రం ఉబ్బుగా మిగిలింది, రంగు లేదు. పక్క నుంచి వెలుతురు పడితే కనబడుతుంది, ఎదురుగా నిలబడితే కనబడదు. అప్పుడు బొమ్మ కదిలింది. ఆ తెలుపులో కొంచెం యెల్లో ఆకర్, అంటే మట్టి పసుపు, కలిపి కుడివైపు దాకా లాగాను, కింద ఒక బెత్తెడు ఎరుపు అలాగే వదిలేశాను. ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో బ్రష్ పట్టుకున్నది మొత్తం కలిపితే ఐదారు గంటలు ఉంటుందేమో. మిగతాదంతా కుర్చీలో కూర్చుని చూడటమే. పని అంటే ఎక్కువ భాగం ఈ చూడటమే, మా ఇంట్లోవాళ్లకు ఇది అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆక్రిలిక్ వాడతారా, ఆయిల్ వాడతారా?

ఎక్కువగా ఆక్రిలిక్. గది చిన్నది, కిటికీ ఒక్కటే, టర్పెంటైన్ వాసనకు తలనొప్పి వస్తుంది. పైగా నేను పొర మీద పొర వేసి గీకుతాను. ఆయిల్ ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటం, దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆక్రిలిక్‌లో నీళ్లు ఆవిరైతే చాలు, పొర గట్టిపడిపోతుంది.

కానీ మన ఎండల్లో అదే ఇబ్బంది. మే నెలలో రేకుల గదిలో రంగు ప్లేటులోనే తోలు కడుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారి ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ఆపేస్తాను. పక్కన నీళ్ల స్ప్రే సీసా పెట్టుకుంటాను, ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్ కొంచెం కలుపుతాను. ఇంకో సంగతి, ఆక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగు వేరు, ఆరాక వేరు. అందులోని జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే గాజులా అయిపోతుంది, కాబట్టి రంగు ఒక మెట్టు ముదురుతుంది. ఏ రంగు కలిపినా ముందు ఒక అట్టముక్క మీద రాసి ఆరనిచ్చి చూడండి.

రంగులో ఏ నీళ్లు కలుపుతారు?

నవ్వకండి, మన జిల్లాలో ఇది పెద్ద ప్రశ్నే. మొదట్లో బోరు నీళ్లే కలిపేవాడిని. నల్లరంగు బాగా పల్చగా చేసి నాలుగు కోట్లు వేసిన ఒక బొమ్మ ఆరాక చూస్తే దాని మీద తెల్లటి పొడి తేలింది. బిందె అడుగున పేరుకునే సున్నం లాంటిదే. తుడిస్తే పోయింది, మళ్లీ నీళ్లు తగిలితే మళ్లీ వచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన జిల్లా మాది, నీళ్లలో ఏముందో కంటితో చూస్తే తెలియదని చిన్నప్పుడే నేర్చుకున్నాం, అయినా రంగు దగ్గర నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇప్పుడు ఫిల్టర్ నీళ్లు, వానాకాలంలో పట్టి పెట్టుకున్న వాన నీళ్లు వాడుతున్నాను.

మీరు చేసిన పెద్ద పొరపాటు ఏది?

ఇనామిల్ మీద ఆక్రిలిక్ వేయడం. బోర్డుల పని నుంచి మిగిలిన ఇనామిల్ డబ్బాలు చాలా ఉండేవి, పారేయడం ఇష్టంలేక అడుగు కోటుగా అదే కొట్టాను. నున్నగా, మెరుస్తూ బాగానే ఉంది. దాని మీద నెలన్నర ఆక్రిలిక్‌తో పని చేశాను. ఎండాకాలం రాగానే ఒక మూల లేచింది, పట్టి లాగితే కాచిన పాల మీద మీగడ లేచినట్టు పొర మొత్తం వచ్చేసింది. నూనె రంగు నున్నటి పొర మీద నీళ్ల రంగు పట్టు నిలవదు. తిరగేసి వేయొచ్చు, అంటే కింద ఆక్రిలిక్, పైన ఆయిల్. ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ బొమ్మ బతికేది. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

డ్రాయింగ్ రాకపోయినా ఇవి వేయొచ్చా?

వేయొచ్చు. అయితే చూడటం రావాలి, డ్రాయింగ్ నేర్పేది చివరికి అదే. అక్షరాలు రాసే రోజుల్లో మా గురువుగారు "అక్షరం చూడకురా, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ చూడు" అనేవారు. 'క' పక్కన 'ల' రాస్తే ఎంత జాగా వదలాలి, 'క' పక్కన 'ట' రాస్తే ఎంత వదలాలి అన్నది స్కేలుతో తేలదు, కన్నే చెప్పాలి. ఈ రోజు నేను కాన్వాస్ మీద చేసేది కూడా ఆ ఖాళీల పనే.

చిన్నపిల్లలు కూడా ఇలాంటివి వేస్తారు కదా?

వేస్తారు, చాలా బాగా వేస్తారు. మా అన్న కూతురు నాలుగేళ్లప్పుడు వేసిన ఒక కాగితం నా గదిలో గోడకు ఉంది. ఆ అమ్మాయి వేయలేనిది ఒకటి ఉంది, అది నలభై రోజులు ఒకే కాగితం దగ్గర ఉండటం. వేసింది చెరిపి, చెరిపినదాని మీద వేసి, ఇంకా బాలేదని తెలిసి, ఎందుకు బాలేదో తెలియక, మళ్లీ పొద్దున లేచి వెళ్లడం. ఈ ప్రశ్న నన్ను ఎప్పుడూ నొప్పించలేదు. అడిగినవాళ్లను ఓ పది నిమిషాలు బొమ్మ ముందు కూర్చోబెట్టి, నేను టీ తెచ్చేదాకా చూస్తుండమంటాను.

బొమ్మ అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. బోర్డు రాసేటప్పుడు ఫోన్ నంబరులో చివరి అంకె పడితే పని అయిపోయినట్టే. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

నేను చేసేది చెబుతాను. అయిందనిపించిన రోజున బొమ్మను గోడ వైపు తిప్పి పెట్టేస్తాను. పది రోజులు చూడను. తర్వాత ఒక పొద్దున లైటు వేయకుండా తలుపు తీసి, తిప్పి, చూసీ చూడగానే కన్ను ఎక్కడ ఆగిందో గమనిస్తాను. ఒకేచోట ముల్లులా గుచ్చుకుని ఆగితే అక్కడ ఇంకా పని ఉంది. కన్ను తిరుగుతూ తిరుగుతూ మొదటి చోటికే వచ్చి మళ్లీ బయలుదేరితే అయిపోయినట్టు. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద ఇంకోసారి చూస్తాను, ఎందుకంటే కొనేవాళ్ల ఇళ్లల్లో బొమ్మ బతికేది ఎక్కువగా ఆ వెలుతురులోనే.

అవసరానికి మించి పని చేసి పాడుచేసినవి కూడా చాలానే ఉన్నాయి. ఫోన్‌లో రోజూ ఫొటో తీసుకుంటాను కాబట్టి, ఫలానా మంగళవారం నాడే ఆపి ఉండాల్సిందని తర్వాత తెలుస్తుంది. తెలిసి చేసేదేమీ లేదు, కాన్వాస్ మీద మళ్లీ జెస్సో కొట్టి కొత్తగా మొదలుపెట్టడమే. ఉబ్బులు కింద అలాగే ఉంటాయి, కొత్త బొమ్మకు అవి పనికొస్తాయి.

మీ బొమ్మల్లో నల్లగొండ ఎక్కడుంది?

కొండల రూపంలో లేదు. కానీ రెండు చోట్లు నాకు చాలా నేర్పాయి.

ఒకటి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోడుల కాలం నాటి గుడి. అక్కడ లింగం మీద పొద్దంతా ఒక స్తంభం నీడ పడుతూనే ఉంటుంది, సూర్యుడు జరిగినా నీడ జరగదు. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు, చుట్టూ ఉన్న స్తంభాల మధ్య నుంచి వెలుతురు వచ్చే తీరుకు అలా ఏర్పడుతుంది. చిన్నప్పుడు ఎన్నోసార్లు వెళ్లాను, అప్పుడు వింతలాగే చూశాను. పెద్దయ్యాక ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చుంటే, ఒక వస్తువును గీయకుండా దాని నీడను మాత్రం నిలబెట్టవచ్చని తట్టింది. నా బొమ్మల్లో నిలువుగా ఉండే నల్లటి భాగాలన్నీ అక్కడివే. అది దేని నీడ అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

రెండోది మన మగ్గాలు. పోచంపల్లి, పుట్టపాక. నేసే ముందే నూలుకు చిటికి, అంటే దారంతో గట్టి కట్టు, కట్టిన చోట రంగు ఎక్కదు, కట్టు అంచున మాత్రం రంగు కొంచెం లోపలికి పాకుతుంది. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. అందుకే ఆ డిజైన్ అంచులు కత్తితో కోసినట్టు కాకుండా ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటాయి. పుట్టపాక తేలియా రుమాలు చూడండి, ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులే ముఖ్యం. నూలును నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి మరీ రంగు వేస్తారు. మూడే రంగులతో ఇంత చేయగలిగినప్పుడు నా పెట్టెలో ఇరవై ట్యూబులు ఎందుకని ఒక ఏడాదంతా మూడు రంగులతోనే వేశాను. నా చెయ్యి కుదురుకున్నది ఆ ఏడాదే.

బొమ్మలకు పేర్లు ఎలా పెడతారు?

చివర్లో పెడతాను, చిన్నగా పెడతాను. 'జాజు', 'గెట్టు', 'రెండో కోటు', 'కల్లంలో పొద్దు'. పేరు ఎక్కువ చెబితే చూసేవాళ్లు బొమ్మలో పేరును వెతుకుతారు. 'పేరు లేదు' అని రాయడం మాత్రం నాకు నచ్చదు, ఇంట్లో పుట్టినదానికి పేరు ఉండాలి.

ఎవరి బొమ్మలు చూడమంటారు?

వి.ఎస్. గాయతోండే (1924–2001) బొమ్మలు తప్పకుండా చూడండి. ఏడాదికి ఐదారు కంటే ఎక్కువ వేసేవారు కాదట. రోలర్‌తో, ప్యాలెట్ నైఫ్‌తో రంగు పొరలు వేసి, తీసి, అందులోంచి వెలుతురు తెచ్చారు. మా గోడ పనిలో వాడే రోలరే ఇంత పని చేస్తుందా అని నాకు కళ్లు చెమర్చాయి. ఎస్.హెచ్. రజా (1922–2016) చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవకపోతే వాళ్ల పంతులు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నారని ఆయనే చెప్పుకున్నారు, దశాబ్దాల తర్వాత ఆ చుక్కే ఆయన బొమ్మల్లో బిందువైంది. నస్రీన్ మొహమ్మదీ (1937–1990) సిరాతో, పెన్సిల్‌తో సన్నటి గీతలే గీశారు, వాటి ముందు గట్టిగా మాట్లాడబుద్ధి కాదు. మన తెలంగాణలో పి.టి. రెడ్డి (1915–1996) గారి తాంత్రిక చిత్రాలు, మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ గారి నీళ్లూ ఆకులూ చూడండి. ఫోన్‌లో చూస్తే సగమే తెలుస్తుంది. హైదరాబాద్ వెళ్లినప్పుడు మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఏ ప్రదర్శన ఉన్నా ఒక గంట గడిపి రండి.

తలకిందులుగా తగిలిస్తే ఏమవుతుంది?

ఒక ప్రదర్శనలో నిజంగానే తగిలించారు. నేను వెళ్లేసరికి రెండు రోజులైంది. బరువుగా కింద ఉండాల్సిన ఎరుపు పైన వేలాడుతుంటే నాకు ఛాతీ మీద ఏదో పెట్టినట్టు అనిపించింది, వెంటనే తిప్పించాను. వేసేటప్పుడు నేనే పది సార్లు తిప్పి చూస్తాను, అది వేరు. ఏ వైపు కింద ఉండాలన్నది ఒకసారి తేలాక బొమ్మకు నేల ఏర్పడుతుంది. అప్పటి నుంచి ప్రతి కాన్వాస్ వెనకాల పై వైపు బాణం గుర్తు పెడుతున్నాను, బోర్డుల నాటి సన్న బ్రష్‌తో, తెలుగులో 'పైకి' అని.

ధర ఎలా పెడతారు?

సైజును బట్టి. కష్టపడ్డదానికి ఎక్కువ, సులువుగా వచ్చినదానికి తక్కువ అని పెట్టను. సులువుగా వచ్చిన బొమ్మ వెనక కూడా కప్పేసిన ఇరవై బొమ్మలు ఉంటాయి. వాయిదాల్లో ఇచ్చినా తీసుకుంటాను. మా వీధిలో టైలర్ అక్క నెలకు ఐదు వందల చొప్పున కట్టి ఒకటి తీసుకుంది, మిషన్ ఎదురుగా గోడకు పెట్టుకుంది. దారం రంగు ఎంచుకునే ముందు ఒకసారి దానివైపు చూస్తానని చెప్పింది. నా బొమ్మకు అంతకంటే మంచి చోటు దొరకలేదు.

నేను రేపే మొదలుపెట్టాలంటే ఏం కొనాలి?

కాన్వాస్ కొనకండి. మందపాటి డ్రాయింగ్ షీట్లు పది తీసుకోండి. రంగులు మూడు చాలు: యెల్లో ఆకర్, అల్ట్రామెరైన్ బ్లూ, టైటానియం వైట్. మా నాయనమ్మ సున్నంలో కలిపిన బట్టల నీలి కూడా ఒకప్పుడు అల్ట్రామెరైనే. రంగుల కొట్లో ఒక అంగుళంన్నర బ్రష్, లప్పం పెట్టే చిన్న రేకు దొరుకుతాయి. ఇంట్లో పాత నూలు గుడ్డ ఉంటుంది.

మొదటి షీటును పూర్తిగా ఒకే రంగుతో కప్పండి. ఆరాక దాని మీద రెండో రంగు వేసి, తడి ఉండగానే కొంత గీకండి. అక్కడ ఆపి గోడకు అంటించి రెండు రోజులు, అన్నం తినేటప్పుడు, ఫోన్ మాట్లాడేటప్పుడు, ఊరికే చూస్తూ ఉండండి. మూడో రోజు ఎక్కడ ఏం కావాలో షీటే అడుగుతుంది. అడగకపోతే రెండోది మొదలుపెట్టండి. పది షీట్లూ అయ్యాక, బాలేదనుకున్నవి కూడా పారేయకుండా పట్టుకుని మా ఇంటికి రండి. ఆదివారం పొద్దున నేను పైనే ఉంటాను.